రావ్నా బండి గాలి డబ్బా

మా అక్క రావ్నా పోయిన దగ్గర్నుంచీ మా బావ చేతి కాఫీ నోట పెట్టుకునేలా లేదు. ఒకరోజు పొడి ఉడక్కుండానే దించేస్తాడు. ఇంకోరోజు కెటిల్ పొంగి పొయ్యంతా ఖరాబు. మొహమాటం నా ఒంటికి పడదు కాబట్టి మొహం మీదే అడిగేదాన్ని, "బావా, ఇది కాఫీయా, రెయిన్‌డీర్లకి పట్టే కషాయమా?" అని. ఆయన కాదనేవాడు కాదు. కప్పులు కడిగి బోర్లించి, కిటికీ దగ్గర కూర్చుని గడ్డకట్టిన సరస్సు వంక చూసేవాడు.

ముప్పయ్యేళ్ళుగా ఆ ఇంట్లో కాఫీ పెట్టింది ఆయనే. అక్క ఏనాడూ పెట్టలేదు. అంతకాలం చక్కగా కుదిరిన కాఫీ ఉన్నట్టుండి ఎందుకు చెడిందో నాకు అర్థం కావడానికి ఒక చలికాలమంతా పట్టింది.

మా బావ పేరు ఇస్సాత్. పొడుగ్గా, కాస్త వంగి, ఎప్పుడూ దూరంగా ఉన్న దేన్నో చూస్తున్నట్టుంటాడు. నిజంగా చూస్తూనే ఉంటాడు కూడా. ఎదురు కొండ మీద రెయిన్‌డీర్ల మంద మేస్తుంటే, మనకి అవి మచ్చల్లా కనిపించే దూరం నుంచే ఏది ఎవరిదో చెప్పేస్తాడు. తాడు విసిరాడంటే కొమ్ములకి పడాల్సిందే. మా గుంపులో కొన్ని కుటుంబాలం కలిసి మందని కాస్తాం. ఏ దూడ ఎవరిదన్న తగువొస్తే ఆయన మాటే ఆఖరు. యంత్రాలంటే మాత్రం ఆమడ దూరం. మంచుబండి, అదే మంచు మీద నడిచే స్నోమొబైల్, మొరాయిస్తే దిగి, చుట్టూ ఒకసారి తిరిగి, సీటు మీద రెండుసార్లు తట్టి, అలిసిపోయిందేమో కాసేపు ఆగుదాం అని పక్కన నిలబడే రకం.

మా అక్క పూర్తిగా వేరు. నోరు పెద్దది, కోపం పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. చేతికి గ్రీజు అంటకపోతే ఆ రోజు దానికి తిండి సహించదు. ఈ ఇద్దరికీ ఎలా కుదిరిందా అని పెళ్ళినాడు చుట్టాలంతా బుగ్గలు నొక్కుకున్నారు. నేనూ నొక్కుకున్నాను.

గాలి డబ్బా సంగతి వాళ్ళ పెళ్ళయిన కొత్తల్లోది. ఆ ఏడు మంచు విపరీతంగా పడింది. కింద నాచు దొరక్క మంద ఆకలికి అల్లాడుతుంటే, మేత మూటలు స్లెడ్జిల మీద వేసుకుని, మంచుబండ్లకి కట్టి కొండెక్కించాలి. మగవాళ్ళ బండ్లు ఎక్కాయి. అక్క బండి సగం ఎక్కి, దగ్గి, మెత్తటి మంచులో కూరుకుపోయింది. పైనుంచి ఒకడు అరిచాడు, "రావ్నా, దిగి తొయ్యి! లేకపోతే ఇంటికెళ్ళి ఆ కాఫీ మీ ఆయన బదులు నువ్వు పెట్టు!"

ఇంటికొచ్చాక అక్క షెడ్డులో బండి మూత ఎత్తింది. ఇంజను పక్కన నల్లటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంటుంది. ఇంజను పీల్చే గాలంతా అందులోంచే వెళ్ళాలి. మంచు పొడి లోపలికి పోకుండా, చప్పుడు ఎక్కువ రాకుండా దాన్ని అలా అమర్చారు.

"చూడవే రిస్తెన్, ఇంత ఇంజనుకి ఇంతేనా కన్నం?" అంది నాతో. "ముక్కు మూసి, బరువు నెత్తిన పెట్టి కొండెక్కమంటే ఎవడెక్కుతాడు?"

"కంపెనీవాళ్ళకి తెలీదంటావా?"

"కంపెనీవాళ్ళు చదును నేల మీద నడుపుకుంటారు. ఆ కొండ వాళ్ళెక్కుతారా, నేనెక్కుతానా?"

నన్ను బయటికి గెంటి తలుపు వేసుకుంది. డ్రిల్లు మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. కాసేపటికి తలుపు సందులోంచి చెయ్యి బయటికొచ్చింది. "నీ పాత పొడుగు మేజోళ్ళు ఒక జత ఇటివ్వు" అంది. ఎందుకే అంటే, "కన్నాలకి కట్టాలి, లేకపోతే మంచు పొడి పీల్చి చస్తుంది. నావి ఇస్సాత్ ముందు వేసుకోవాలి" అంది. ఇచ్చాను. కార్బురేటర్‌లో పెట్రోలు దిగే జెట్లు కూడా తీసి పెద్దవి బిగించింది. గాలి పెరిగితే పెట్రోలు కూడా పెరగాలి, లేకపోతే వేడికి పిస్టన్ కాలిపోతుందని దాని లెక్క. ఆ డబ్బాకి ఎక్కడ ఎన్ని కన్నాలు పెట్టిందో ఎవరికీ చూపించలేదు.

మర్నాడు అదే కొండ మీద, అదే బరువుతో, మగవాళ్ళందర్నీ దాటి పైకి పోయింది. నిన్న అరిచినవాడి పక్కనుంచి వెళుతూ, "దిగి తొయ్యమంటావా తమ్ముడూ?" అని అడిగింది కూడా.

బలం సంగతి అలా ఉంచండి. దాంతోపాటు చప్పుడొకటి వచ్చింది. మిగతా బండ్లన్నీ కందిరీగల్లా జుయ్యిమంటాయి. అక్క బండి మాత్రం లోతుగా, కొంచెం బొంగురుగా, పాటెత్తుకునే ముందు గొంతు సవరించుకుంటున్నట్టు వచ్చేది. సరస్సు అవతల బిర్చి చెట్ల గుట్ట మీద ఉండగానే ఇవతల ఇంట్లోకి వినిపించేది. గుట్ట దిగేటప్పుడు అక్క వేగం తగ్గించేది, చప్పుడు ఒక్కసారి లోయలోకి జారినట్టు తగ్గి, మంచు గడ్డ మీదికి రాగానే మళ్ళీ విప్పుకునేది. ఒడ్డుకి రాగానే టక్కున ఆగేది.

మందకి కాపలా వంతులవారీగా ఉంటుంది. తోడేళ్ళున్నాయి, చిన్న ఎలుగుల్లాంటి వాల్వరీన్లున్నాయి, పక్క గుంపు మందలో కలిసిపోయే పిచ్చి దూడలున్నాయి. అక్క కాపలా నుంచి వచ్చిందంటే బావ వెళ్ళాలి. బావ వస్తే అక్క వెళ్ళాలి. పిల్లలు లేరు. చలికాలం మొత్తమ్మీద వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చునేది ఆ కాస్సేపే, ఒకరు దిగి ఇంకొకరు ఎక్కే మధ్యలో, ఒక కాఫీ తాగినంతసేపు. కప్పుల అడుగున జున్ను ముక్కలు వేసుకుని, పైన కాఫీ పోసుకుని, ఎండు మాంసం చాకుతో చీలుస్తూ కూర్చునేవారు. అక్క మాట్లాడేది, బావ వినేవాడు. ముప్పయ్యేళ్ళ కాపురంలో సగం అలాగే గడిచింది.

ఇంకో సంగతి చెప్పాలి. ఈ మంచుదేశంలో రెయిన్‌డీర్లు కాసుకునే మా సామీవాళ్ళ పాటని యోయిక్ అంటాం. ఒకరి గురించి పాడేది కాదది. ఆ మనిషినే గొంతులోకి తెచ్చుకోవడం. ఎవరి యోయిక్ వాళ్ళు కట్టుకోరు, వాళ్ళని ఎరిగినవాళ్ళు కట్టాలి. చర్చి పెద్దలు పాపమన్నా మా ఇళ్ళలో అది పోలేదు. అక్కని బావ కట్టాడు. పది మందిలో నోరు విప్పని మనిషి, అక్కని పాడమంటే మాత్రం కళ్ళు మూసుకుని మొదలుపెట్టేవాడు. మాటలు పెద్దగా ఉండవు. ఒకచోట గొంతు కిందికి జారి, మళ్ళీ విప్పుకునేది. అది మంచి విరుపని అందరూ మెచ్చుకునేవాళ్ళు. అదెక్కడిదో అప్పట్లో నేనూ ఆలోచించలేదు.

పోయిన ఆకురాలు కాలంలో అక్కకి జబ్బు చేసింది. పట్నం ఆస్పత్రిలో చేర్చాం. ఉన్న నాలుగు రోజులూ బండి గురించే. "ఇస్సాత్, ఆ గాలి డబ్బా మూల చీలింది. మంచు పడేలోగా దాని సంగతి చూడాలి" అనేది. చూద్దువుగానిలే అనేవాడు బావ. చూడకుండానే వెళ్ళిపోయింది.

పోయినవాళ్ళ సామాను విరిగింది విరిగినట్టు వదిలేస్తే వాళ్ళు అక్కడ కూడా విరిగినవాటితోనే తిరుగుతారని మా అమ్మ అనేది. బావకి ఆ మాట బాగా పట్టింది. అక్క తాడుకి కొత్త కొస ముడివేశాడు, చలి తగలకుండా బూట్లలో కూరే ఎండుగడ్డి మార్చాడు, కత్తి సానబట్టాడు. ఆ తర్వాత, జీవితంలో మొదటిసారి, తనంతట తానే స్పానర్ పట్టుకున్నాడు. తుక్కు కుప్పలో అదే రకం బండి ఒకటి ఉంటే దాని గాలి డబ్బా ఊడదీసి, కడిగి తుడిచి, అక్క బండికి బిగించాడు. చీలిన పాత డబ్బాని చెత్తతో పాటు పెరట్లో పీపాలో వేసి కాల్చేశాడు. ఎవరి సాయమూ లేకుండా చేశానని ఆయనకి లోలోపల కొంచెం గర్వం కూడా.

మొదటి మంచు గట్టిపడ్డాక ఒకరోజు నేను వాళ్ళింట్లో మాంసం ఆరబెడుతున్నాను. వెనక ఎవరో దగ్గితే ఉలిక్కిపడ్డాను. చూస్తే బావ.

"దొంగలా వచ్చావేం బావా? దేనిమీదొచ్చావు?"

"రావ్నా బండి మీద."

"అక్క బండి మీదొస్తే నాకు వినపడదా? చప్పుడేది?"

"ఏమో. నల్లగా పొగ కక్కుతోంది. ఆ చీలిన డబ్బా తీసేసి కొత్తది పెట్టాను కదా, అలవాటు పడాలేమో."

చేతిలో మాంసం అక్కడే పడేశాను. "తీసేశావా? బావా, ఆ చప్పుడు ఉన్నదే ఆ డబ్బాలో! నువ్వెక్కడుందనుకున్నావు?"

"సైలెన్సర్లో అనుకున్నాను" అన్నాడు. చిన్నపిల్లాడు చెప్పినట్టు చెప్పాడు. తర్వాత వెళ్ళి పీపాలోకి తొంగి చూశాడు, అక్కడ ఏదో మిగిలుంటుందన్నట్టు. బూడిద మీద మంచు పడి ఉంది.

రోడ్డు పక్కన నీల్లాస్ అని ఒక కుర్రాడి వర్క్‌షాపు ఉంది. బావ బండిని అక్కడికి తోలుకెళ్ళాడు. తోడు నేనూ వెళ్ళాను, నేను లేకపోతే ఆయన నోరు విప్పడు కాబట్టి. నీల్లాస్ ప్లగ్గులు విప్పి చూసి నవ్వాడు.

"బాబాయ్, తడిసి ముద్దయ్యాయి. పిన్ని ఇందులో పెద్ద జెట్లు పెట్టింది, నువ్వేమో ముక్కు మూసిన డబ్బా పెట్టావు. గాలి లేదు, పెట్రోలు మాత్రం బకెట్లతో పోస్తున్నట్టుంది. చిన్న జెట్లు వేసేస్తాను, కొత్త బండిలా నడుస్తుంది."

"జెట్లు ముట్టుకోకు" అన్నాడు బావ. "డబ్బాకి కన్నాలు పెట్టు."

"ఓహో! ఈస్టర్ పందేల్లో దిగుతున్నావా ఏంటి?" పక్కనున్న కుర్రాళ్ళు కూడా ఈలలేశారు. "ముసలాయనకి ఊపొచ్చిందిరోయ్!"

"నోళ్ళు ముయ్యండ్రా" అన్నాను నేను. మూశారు.

"కన్నాలంటే ఎన్ని పెట్టమంటావు? ఎక్కడ?" అన్నాడు నీల్లాస్. బావ నా వంక చూశాడు. అది అక్కకే తెలుసు.

పక్కన రెండు చిన్నవి పెట్టి చూశాడు. బావ బండెక్కి బిర్చి గుట్ట దాకా వెళ్ళి వచ్చి "కాదు" అన్నాడు. ఈల వేస్తున్నట్టుందట. పెద్దవి చేశాడు. ఈసారి సరస్సు మధ్యలోనే బండి మంచు పొడి పీల్చి ఆగిపోయింది, బావ స్కీల మీద తిరిగొచ్చాడు. అప్పుడు నాకు మేజోళ్ళు గుర్తొచ్చాయి. కన్నాలు పైవైపు, మూత కిందకి మారిస్తే మంచు పొడి తక్కువ పడుతుందేమోనని, వాటికి నైలాను మేజోడు కట్టాలని చెప్పాను.

ఆ పూట నా మేజోళ్ళే ఇచ్చేస్తే పోయేది. ఆయన నాకు చెప్పకుండా తిన్నగా సీరే కొట్టుకెళ్ళాడు. సీరే మా ఊరి కిరాణా నడుపుతుంది. ఏ మాట ఎక్కడ పెడితే ఎంత దూరం వెళుతుందో ఆమెకి బాగా తెలుసు.

"ఆడవాళ్ళ పొడుగు మేజోళ్ళు కావాలి" అన్నాడట బావ.

"ఎవరికన్నయ్యా?"

"బండికి."

"ఏ సైజు?"

"సాగేది ఏదైనా పర్లేదు. మొదటిది చిరిగితే ఇంకోటుండాలి, రెండు జతలివ్వు."

సాయంత్రానికి ఊరంతా గుప్పుమంది. ఇస్సాత్‌కి కొత్త మనిషి దొరికిందనీ, బండి పేరు చెప్పి దాస్తున్నాడనీ. పెళ్ళాం పోయి ఏడాదైనా కాలేదని ఒకరు, తోడు లేకపోతే మగాడెలా ఉంటాడులే అని ఇంకొకరు. నన్నే అడిగింది ఒకావిడ, "మీ బావ తెచ్చుకుంటోంది ఎవర్నే?" అని. "మీ అక్కనే" అని నేనూ అంటించాను. ఇంటికెళ్ళి బావకి చెపితే, చలికాలం మొత్తంలో మొదటిసారి నవ్వాడు. "రావ్నా వింటే ఆ కొట్టు కూలగొట్టేది" అన్నాడు. నవ్వు సగంలోనే పోయింది.

ఈస్టర్‌కి చుట్టాలంతా చేరారు. మా దగ్గర పెళ్ళిళ్ళూ పందేలూ అన్నీ అప్పుడే. మంద సముద్ర తీరానికి కదిలే ముందు అందరం ఒకచోట ఉండే రోజులవి. భోజనాలయ్యాక పెద్దాయనొకరు అన్నారు, "ఇస్సాత్, రావ్నాని తీసుకురా." అంటే పాడమని. పోయినవాళ్ళని పాడితే ఆ కాసేపూ వాళ్ళు మధ్యలో కూర్చున్నట్టే మాకు.

బావ కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు. గొంతు బాగానే లేచింది. అక్క నడక, అక్క తల ఎగరేయడం, అన్నీ వచ్చాయి. కిందికి జారే చోటు రాగానే ఆగిపోయాడు. మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నాడు. మళ్ళీ అక్కడే ఆగాడు. అందరూ కప్పుల్లోకి చూస్తూ కూర్చున్నారు. ఆయన లేచి కోటు తగిలించుకుని బయటికి వెళ్ళిపోయాడు.

నేను వెనకాలే వెళ్ళాను. కంచె దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏమైంది బావా?"

"దారిలో వదిలేశాను" అన్నాడు. "గుట్ట దాకా తెచ్చి, అక్కడ వదిలేసి వచ్చాను."

అప్పుడు అర్థమైంది నాకు, ఆ విరుపు ఎక్కడిదో. గుట్ట దిగే చోటు అది. బండి గొంతు తగ్గే చోటు.

"మొహం ఫోటోల్లో ఉంది రిస్తెన్. తిట్లు నా చెవిలోనే ఉన్నాయి, అవెక్కడికీ పోవు. ఆ చప్పుడు మాత్రం పోతోంది. శీతాకాలం మొదట్లో ఇంత ఉంటే, ఇప్పుడింతే ఉంది. మంచు కరిగి సరస్సు విరిగితే ఆ దారే ఉండదు. మళ్ళీ గడ్డకట్టే వేళకి నాకేం మిగులుతుంది?"

ముప్పయ్యేళ్ళలో మా బావ నాతో అన్ని మాటలు ఒకేసారి మాట్లాడలేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. అక్క నాకూ అక్కే కదా.

పండగ అయిన దగ్గర్నుంచీ నీల్లాస్ షెడ్డు వదల్లేదు ఆయన. నీల్లాస్‌ గాడికీ ఎగతాళి పోయింది. తుక్కులోంచి ఇంకో డబ్బా తెచ్చి, పైవైపు మూడు పెద్ద కన్నాలు తీసి, సీరే కొట్టు మేజోడు బిగించాడు. ప్లగ్గులు విప్పి చూసి తల పంకించాడు. "జెట్లకీ కన్నాలకీ ఇప్పుడు కుదిరింది బాబాయ్. ప్లగ్గు చక్కగా గోధుమరంగులో ఉంది. పిన్ని పెట్టినంతే పెట్టి ఉంటాననుకుంటున్నాను. ఇంకొక్క కన్నం పెంచినా పిస్టన్ కాలుతుంది, ఆ తర్వాత నన్నడక్కు."

బావ గుట్ట దాకా వెళ్ళొచ్చాడు. నేను ఒడ్డున నిలబడి విన్నాను. నాకైతే ఇంచుమించు అక్క వచ్చినట్టే ఉంది. బావ దిగాడు, చేతి తొడుగులు తీశాడు.

"కాదు."

"ఏంటి కాదు? నాకు అలాగే అనిపించింది!"

"మోకాళ్ళ కింద ఏదో గురగుర అంటోంది. అంతే. అది రావ్నా కాదు." సీటు మీద చెయ్యి వేశాడు. "ఇక వదిలేద్దాం. ఆ పెద్ద జెట్లు తీసెయ్యమని నీల్లాస్‌తో చెప్పు."

నాకు ఒళ్ళు మండింది. ఈ మనిషి మేజోళ్ళ గొడవలో చలికాలమంతా ఊళ్ళో నా పరువు కూడా పోగొట్టుకున్నాను. "అక్క బతికుండగా ఈ బండి నువ్వెప్పుడైనా నడిపావా?" అని అరిచాను.

"ముట్టుకోనిచ్చిందా ఎప్పుడైనా?"

"మరి ఆ చప్పుడు నువ్వెక్కడ్నుంచి విన్నావు? దాని మీద కూర్చునా?"

బావ నా వంక చూశాడు. తర్వాత ఒడ్డు మీద ఇంటి వంక చూశాడు. వంటింటి కిటికీ, దాని పక్కన తలుపు. తాళం చెవి తీసి నా చేతిలో పెట్టాడు.

అప్పటికే ఒడ్డు వెంబడి మంచు గడ్డ నల్లబారింది. పొద్దున చలికి గట్టిగా ఉంటుంది, ఎండెక్కాక పైన నీళ్ళు తేలతాయి. మర్నాడు తెల్లవారగానే వెళ్ళి, ఎండ ముదిరేలోగా వచ్చెయ్యాలని నీల్లాస్ నాకు పదిసార్లు చెప్పాడు. "పిన్నీ, ఇంకో రెండు రోజులు పోతే నేనైతే ఆ సరస్సు మీద కుక్కని కూడా నడవనివ్వను" అన్నాడు.

బయల్దేరుతుంటే బావ కూడా జాగ్రత్తలు మొదలుపెట్టాడు. "గుట్ట మీద కాసేపు ఆగు. నేను లోపలికి వెళ్ళాలి. దిగేటప్పుడు వేగం తగ్గించు, రాళ్ళ దగ్గర ఇంకొంచెం తగ్గించు. సరస్సు మీదికి దిగగానే యాక్సిలరేటర్ మొత్తం నొక్కు. మధ్యలో ఆగకు."

"మా అక్క ఎలా నడిపేదో నాకే నేర్పుతున్నావా?"

"నడపడం నువ్వు చూశావు. నేను విన్నాను" అన్నాడు బావ. నేను బండెక్కాను.

గుట్ట ఎక్కి ఇంజను ఆపాను. గాలి లేదు. అవతలి ఒడ్డున ఇల్లు చిన్నగా కనిపిస్తోంది, పొగగొట్టంలోంచి సన్నటి పొగ. నాకు భయమేసింది. తోడేలుకి భయపడలేదు నేనెప్పుడూ, పలచబడ్డ మంచు గడ్డకీ భయపడలేదు. ఇప్పుడు ఆయన తలుపులో నిలబడి విని, మళ్ళీ "కాదు" అంటే? అంటే ఇంక చెయ్యగలిగేదేమీ లేదు. అక్క రెండోసారి పోతుంది. "ఒసేవ్ రావ్నా" అన్నాను పైకే, బతికుండగా పేరు పెట్టి పిలిస్తే చెవి మెలేసేది, "ఒక్కసారి వచ్చిపోవే. ఒక్కసారి చాలు."

తాడు లాగాను, ఇంజను అందుకుంది. దిగేటప్పుడు వేగం తగ్గించాను. రాళ్ళ దగ్గర ఇంకొంచెం తగ్గించాను. బావ చెప్పినట్టే మోకాళ్ళ కింద గురగుర తప్ప నాకేమీ వినిపించలేదు. ఇది అదో కాదో నాకు తెలీదు. సరస్సు మీదికి దిగి మొత్తం నొక్కాను. మొహానికి చలిగాలి కొట్టింది, కళ్ళలో నీళ్ళు చెంపల మీదే గడ్డకట్టాయి. తుడుచుకుని ఇంటి వంక చూశాను.

పొగగొట్టంలోంచి సన్నగా వస్తున్న పొగ ఉన్నట్టుండి లావైంది. తెల్లగా, ఒత్తుగా, తిన్నగా పైకి లేచింది. పొయ్యిలోకి ఎవరో బిర్చి కట్టెలు ఎగదోశారు.

చలికాలమంతా చెడిన కాఫీ సంగతి నాకు ఆ సరస్సు మధ్యలో, బండి మీద ఉండగా అర్థమైంది. గుట్ట మీద చప్పుడు వినిపించగానే కట్టెలు దోసి కెటిల్ ఎక్కించేవాడు, ఒడ్డున ఇంజను ఆగగానే దించేవాడు. ముప్పయ్యేళ్ళుగా ఆయన కాఫీకి కొలత అదొక్కటే. వేరే కొలత ఆయనకి తెలీదు.

ఒడ్డుకొచ్చి ఇంజను ఆపాను. ఆపగానే ఆయన గొంతు వినిపించింది. తలుపు బార్లా తీసి, చేతిలో గుడ్డ పట్టుకుని, కళ్ళు మూసుకుని పాడుతున్నాడు. గొంతు కిందికి జారింది. ఆగలేదు. రాళ్ళ దగ్గర ఇంకొంచెం జారి, మళ్ళీ విప్పుకుని, సరస్సంత వెడల్పున ఒడ్డుకొచ్చింది. నేను బండి దిగలేదు. దిగితే రిస్తెన్‌నైపోతానని, అలాగే కూర్చున్నాను.

పాట ఆగింది. ఆయన కళ్ళు తెరిచి నన్ను చూశాడు. చూసి, లోపలికెళ్ళి కెటిల్ దించాడు.

బల్ల మీద రెండు కప్పులున్నాయి, అడుగున జున్ను ముక్కలు. పోశాడు. పొడి అడుగుకి దిగింది, పైన తేట. మాడలేదు, పొంగలేదు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తాగాం. అక్క ఉంటే ఈపాటికి ఎంత మాట్లాడి ఉండేదో అనుకున్నాను, ఆయనా అదే అనుకుని ఉంటాడు.

"రేపు కూడా ఒకసారి వస్తావా?" అని అడిగాడు బావ.

కిటికీలోంచి చూశాను. నేను వచ్చిన జాడలోనే అక్కడక్కడా నీళ్ళు మెరుస్తున్నాయి. "రేపటికి దారుండదు బావా. మళ్ళీ మంచు పడనీ."

"ఊఁ" అన్నాడు. లేచి కప్పులు కడిగి బోర్లించాడు.

ఆ వారమే మందతో తీరానికి కదిలాం. వేసవంతా అక్కడి గుడిసెలో ఆయన కాఫీ మళ్ళీ మొదటికే వచ్చింది. ఒకరోజు పచ్చి, ఒకరోజు మాడు. నేను రోజూ వెళ్ళి తాగాను. ఒక్కరోజు కూడా వంక పెట్టలేదు.